ఐడీ బ్లాక్ కాకముందే చేసుకోవాల్సిన పనులు: కర్నూలులో బండి తిప్పేవాళ్ళకి

పోయిన ఏడాది మార్చిలో ఒక బుధవారం, పొద్దున పదకొండు గంటలకి రాజ్‌విహార్ సెంటర్లో బండి స్టాండు వేసి డెలివరీ యాప్ తెరిచాను. రోజూ పచ్చగా ఉండే బటన్ బూడిద రంగులో ఉంది. కింద ఒకటే లైను, మీ ఖాతా తాత్కాలికంగా నిలిపివేయబడింది అని. ఎందుకో లేదు, ఎన్నాళ్ళో లేదు, ఎవరిని అడగాలో అసలే లేదు. టీం లీడర్‌కి ఫోన్ చేస్తే "పై నుంచి వచ్చిందన్నా, నా చేతిలో లేదు" అన్నాడు. ఆయన చేతిలో నిజంగానే లేదని తర్వాత తెలిసింది, పాపం ఆయన్ని ఆ రోజు నానా మాటలు అన్నాను.

పంతొమ్మిది రోజులు ఇంట్లో కూర్చున్నాను. బండి కంతు ఆగదు, ఇంటి బాడుగ ఆగదు, పిల్లోడి స్కూలు ఫీజు అంతకన్నా ఆగదు. అన్నిటికన్నా మండింది ఏమిటంటే, నా తప్పు లేదని చూపించడానికి కావలసిన ఆర్డర్ వివరాలు, సంపాదన లెక్క, పాత చాట్లు అన్నీ ఆ యాప్‌లోనే ఉన్నాయి, ఆ యాపే నన్ను లోపలికి రానివ్వడం లేదు. బ్లాక్ అయిన రోజు మనకి పనికొచ్చేవన్నీ ముందు రోజు వరకే చేతికి అందుతాయి. అందుకే కింద రాసినవన్నీ ఐడీ (యాప్‌లో మన ఖాతా) బాగున్నప్పుడే చేసుకోవాల్సినవి, బ్లాక్ అయ్యాక చేసేవి చివర్లో ఉన్నాయి. ఫుడ్, కిరాణా, పార్సిల్, బైక్ ట్యాక్సీ, ఏది చేసినా చాలావరకు ఒకటే.

ముందు సాక్ష్యాలు దాచండి

ఆదివారం మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదు వరకు ఎట్లాగూ ఆర్డర్లు ఉండవు, ఎండకి ఏ చెట్టు కిందో కూర్చుంటాం. ఆ గంటలో ఫోన్‌లో ఈ పని పెట్టుకోండి. ఆ వారం సంపాదన పేజీ, రోజువారీ ఆర్డర్ల జాబితా, రేటింగ్, లాగిన్ గంటలు, వీటికి స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ కనపడేలా తీయండి, లేకపోతే అది ఏ వారానిదో రెండు నెలల తర్వాత మీకే తెలీదు. తీసినవి ఫోన్ గ్యాలరీలో వదిలేయకుండా మీ సొంత మెయిల్‌కే పంపుకోండి, ఫోన్ తుంగభద్రలో పడినా అవి ఉంటాయి.

ఇన్సెంటివ్ చార్టు సంగతి వేరే చెప్పాలి. ఇన్ని ఆర్డర్లు కొడితే ఇంత అని పొద్దున ఒకటి చూపిస్తారు, రాత్రికి లెక్క వేరేగా ఉంటుంది, అడిగితే "మీ జోన్‌కి అది వర్తించదు" అంటారు. లాగిన్ అయిన వెంటనే ఆ చార్టు ఫోటో తీసి పెట్టుకుంటే రాత్రి అడగడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. చేరేటప్పుడు బ్యాగుకి, టీషర్టుకి పట్టుకున్న డబ్బుల రసీదు, అప్పుడు ఓకే కొట్టేసిన అగ్రిమెంటు కూడా దాచండి. అగ్రిమెంటు చదవలేదని సిగ్గుపడకండి, ఎవరం చదవలేదు. అయితే ఇప్పుడైనా అందులో రెండు చోట్ల చూడండి: ఏ కారణాల మీద ఐడీ తీసేయొచ్చు అని రాశారో అక్కడ, వివాదం వస్తే ఏ ఊరి కోర్టు అని రాశారో అక్కడ. రెండోది సాధారణంగా పెద్ద సిటీ అయి ఉంటుంది, కర్నూలు మాత్రం కాదు.

ఇంకొకటి, డ్రాప్ ఫోటో, అంటే పార్సిల్ ఇచ్చిన చోట తీసే ఫోటో. నా ఐడీ పోయింది దీనివల్లే. వెంకటరమణ కాలనీలో ఒక అపార్ట్‌మెంటు, లిఫ్టు పనిచేయడం లేదు, కస్టమర్ ఫోన్‌లో "వాచ్‌మన్‌కి ఇచ్చి పోండి" అన్నాడు, ఇచ్చి వచ్చేశాను. రాత్రికి ఆయన పార్సిల్ రాలేదని కంప్లయింట్ కొట్టాడు. ఆయన చెప్పింది మాటల్లోనే, చాట్‌లో లేదు. నా దగ్గర ఫోటో లేదు. అప్పట్నుంచి ఎవరైనా తలుపు దగ్గర పెట్టమన్నా, వాచ్‌మన్‌కి ఇమ్మన్నా, "సార్, అదే మాట చాట్‌లో ఒక్క ముక్క పెట్టండి" అంటాను. పది మందిలో ఎనిమిది మంది పెడతారు. పెట్టని ఇద్దరి కోసం మెట్లు ఎక్కుతాను.

నిజంగా ఎంత మిగులుతోందో లెక్క వేయండి

ఈ లెక్క వేయడానికి చాలామందికి ఇష్టం ఉండదు, నాకూ లేదు. వేస్తే బాధేస్తుంది కాబట్టి.

నా నోటుపుస్తకంలో ఒక మామూలు రోజు ఇట్లా ఉంది. పదకొండు గంటలు లాగిన్, వచ్చింది 900 రూపాయలు. తిరిగింది 120 కిలోమీటర్లు. యాప్ చూపించేది ఇంతకన్నా తక్కువ, ఎందుకంటే నంద్యాల చెక్‌పోస్టు అవతల డ్రాప్ ఇచ్చి ఖాళీగా తిరిగి వచ్చేది వాళ్ళ లెక్కలో ఉండదు. బండి లీటరుకి 45 ఇస్తే, పెట్రోలు 110 దగ్గర అనుకుంటే, 290 పోయింది. బండి కంతు నెలకి 3,200, నెలలో 26 రోజులు తిప్పితే రోజుకి 123. ఆయిలు, టైర్లు, బ్రేకులు, చైన్ అన్నీ కలిపి కిలోమీటరుకి 60 పైసలు వేసుకున్నాను, 72. రీచార్జి రోజుకి 12. టీ, ఉగ్గాని, మధ్యాహ్నం తిండి కలిపి 80. (తిండి ఇంట్లో ఉన్నా తింటాం కదా అంటారేమో, ఇంట్లో అయితే 80 కాదు.) మిగిలింది 323. పదకొండు గంటలకి పంచితే గంటకి 29 రూపాయలు.

ఈ అంకె మీకు వేరేగా రావచ్చు, ఎక్కువే రావాలని కోరుకుంటున్నా. కానీ వారం రోజులు మీటర్ రీడింగ్ పొద్దున, రాత్రి రాసి లెక్క వేయండి. ఏ గంటల్లో తిరిగితే మిగులుతుంది, ఏ గంటల్లో పెట్రోలు కాల్చి యాప్‌కి ఊరికే సేవ చేస్తున్నాం అనేది అప్పుడే తెలుస్తుంది. నాకు తెలిసింది, మధ్యాహ్నం మూడు నుంచి ఆరు వరకు నేను ఆన్‌లైన్‌లో ఉండటం పూర్తిగా దండగ అని. ఆ మూడు గంటలే తర్వాత వేరే పనికి వాడుకున్నాను, ఆ సంగతి కింద చెబుతా.

డబ్బు విషయం

క్యాష్ ఆర్డర్ల డబ్బు జేబులో ఉన్నంతసేపు మన డబ్బులాగే అనిపిస్తుంది, అక్కడే మోసం. పెట్రోలుకి రెండు వందలు తీసి, రేపు వేద్దాంలే అనుకుంటాం. లిమిట్ దాటితే ఆర్డర్లు ఆగిపోతాయి, ఎక్కువ రోజులు పెండింగ్ ఉంటే దాన్నే కారణంగా చూపించి ఐడీ తీసేస్తారు, అప్పుడు మాట్లాడటానికి మన దగ్గర నోరు ఉండదు. ఆ రోజు క్యాష్ ఆ రోజు రాత్రే కట్టేయండి, రసీదు స్క్రీన్‌షాట్ తీయండి.

రెండోది, చేతిలో ఒక నెల ఖర్చు ఉండాలి. ఇది చెప్పడం సులువు, 29 రూపాయల గంట మీద దాచడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను చేసింది ఒకటే: రోజువారీ సంపాదనలో దాచడం కుదరదని ఒప్పేసుకుని, ఇన్సెంటివ్ పడిన డబ్బు మాత్రం ముట్టుకోకుండా పోస్టాఫీసు ఖాతాలో వేశాను. ఆ ఖాతాకి ఫోన్‌పే, గూగుల్‌పే లింకు పెట్టలేదు. తీయాలంటే నడిచి వెళ్ళి క్యూలో నిలబడాలి, ఆ బద్ధకమే దాన్ని కాపాడింది. పండగ పూట, వాన పూట వచ్చిన ఎక్కువ డబ్బు అట్లా ఆరు నెలల్లో పన్నెండు వేలు అయింది. బ్లాక్ అయిన పంతొమ్మిది రోజులు ఆ పన్నెండు వేలతోనే గడిచాయి, అదే లేకపోతే నూటికి మూడు రూపాయల వడ్డీకి పోయేవాణ్ణి. నూటికి మూడు అంటే చిన్నదిగా వినపడుతుంది, ఏడాదికి 36 శాతం.

లోన్ యాపుల జోలికి పోవద్దు. ఐదు నిమిషాల్లో ఐదు వేలు అని వస్తుంది, కాంటాక్టులు, ఫోటోలు అన్నీ లాక్కుంటుంది, పదో రోజు మీ అక్క మామకి ఫోన్ చేసి మీ గురించి చెడ్డగా మాట్లాడుతుంది. అప్పు తప్పదు అనుకుంటే ఇంట్లో ఆడవాళ్ళు పొదుపు సంఘంలో ఉంటే అక్కడ అడగండి, లేదా బ్యాంకులో బంగారం మీద తీసుకోండి. అప్పటికే లోన్ యాప్ బెదిరిస్తుంటే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి, ఆర్‌బీఐ వాళ్ళ సచేత్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

బండికి కొత్త కంతు పెట్టే ముందు కూడా ఒకసారి ఆగండి. చేరేటప్పుడు నెలకి పాతిక వేలు వస్తాయని చెప్పి బండి కొనిపిస్తారు. కంతు మూడేళ్ళు ఉంటుంది, ఐడీ మూడు నెలలైనా ఉంటుందో లేదో ఎవరూ రాసివ్వరు.

ప్రమాదం జరిగితే

ఇది అశుభం కాదు, రోజూ బళ్ళారి చౌరస్తా దాటేవాళ్ళకి ఇది లెక్కలో ఉండాల్సిన విషయం.

బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ చేయాల్సిన అతి చవక పని, ప్రధానమంత్రి సురక్షా బీమా. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్ళకి 2 లక్షలు, శాశ్వతంగా కొంత వైకల్యం వస్తే లక్ష. 18 నుంచి 70 ఏళ్ళ వరకు. జూన్ 1 నుంచి మే 31 వరకు దాని ఏడాది, అందుకే మే చివర్లో ఖాతాలో ఆ ఇరవై రూపాయలు ఉండాలి. మన ఖాతాలు నెలాఖరుకి సున్నా అవుతాయి కదా, చాలామందికి పాలసీ పోయేది అక్కడే, పోయిన సంగతి కూడా తెలీదు. దాంతోపాటు జీవన్ జ్యోతి, ఏడాదికి 436, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు, చేరడానికి వయసు 18 నుంచి 50. రెండూ కలిపి 456 రూపాయలు, బ్యాంకులో ఒక ఫారం.

యాప్ కంపెనీ ఇచ్చే బీమా ఉంటే దాన్ని చులకన చేయొద్దు, నమ్ముకుని కూర్చోవద్దు కూడా. చాలావరకు లాగిన్‌లో ఉన్నప్పుడు, కొన్నిటికైతే ఆర్డర్ మీద ఉన్నప్పుడు జరిగినదానికే వర్తిస్తుంది. కాబట్టి కింద పడితే, చేయి కదిలే స్థితిలో ఉంటే, ఆర్డర్ నడుస్తున్న స్క్రీన్‌ని టైముతో సహా ఫోటో తీయండి, లేదా పక్కనున్న రైడర్‌తో తీయించండి. పాలసీ నంబరు, క్లెయిము ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. మీరు ఆసుపత్రిలో ఉంటే మీ ఫోన్ ప్యాటర్న్ ఇంట్లో ఎవరికి తెలుసు?

108కి ఫోన్, తర్వాత పోలీసు కేసు. "చిన్నదేలే, కేసెందుకు" అని ఎదుటివాడు అంటాడు, ఐదు వందలు చేతిలో పెడతాడు, సాయంత్రానికి కాలు వాచిపోతుంది. కేసు లేకపోతే తర్వాత ఏదీ రాదు. రోడ్డు ప్రమాద బాధితులకి 1.5 లక్షల వరకు, ఏడు రోజుల వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది, ఆసుపత్రిలో దాని గురించి అడగండి. గుద్దిన బండి ఆగకుండా పోతే, తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు పరిహారం ఉంది. మన రాష్ట్రంలో ఇంతకుముందు ఆరోగ్యశ్రీ అనేది ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, అనుమానం ఉంటే 104కి ఫోన్ చేసి అడగండి.

ఇక బండి ఇన్సూరెన్సు. తెల్ల నంబరు ప్లేటు బండికి తీసుకున్న పాలసీ సొంత వాడకానికి ఇచ్చింది, డబ్బుల కోసం తిప్పుతుంటే క్లెయిము దగ్గర పేచీ పెట్టొచ్చు. రెన్యూవల్ చేయించేటప్పుడు ఏజెంటుకి "నేను డెలివరీ చేస్తాను" అని చెప్పి, దానికి తగిన పాలసీ అడగండి. ఏజెంటు ఏమీ కాదులే అంటాడు, అదే మాట వాట్సాప్‌లో రాసివ్వమనండి, అప్పుడు చూడండి ఆయన ముఖం.

ప్రభుత్వం దగ్గర మీ పేరు ఎక్కించండి

మనల్ని ఉద్యోగి అనరు, పార్ట్‌నర్ అంటారు. పేరు గౌరవంగానే ఉంది, ఆ గౌరవంతోనే పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, తీసేస్తే నోటీసు లేదు. అయితే ఈ మధ్య చట్టం కొంచెం కదిలింది. సామాజిక భద్రతా కోడ్ 2020లో పార్లమెంటులో ఆమోదమై, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. గిగ్ వర్కర్, ప్లాట్‌ఫాం వర్కర్ (అంటే మనలాగా ఉద్యోగం కాకుండా యాపుల మీద పని చేసేవాళ్ళు) అనే మాటలకి మన దేశ చట్టంలో మొదటిసారి అర్థం రాసింది అందులోనే. యాప్ కంపెనీలు ఏడాది టర్నోవరులో 1 నుంచి 2 శాతం, మనకి చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా, ఒక నిధికి కట్టాలని ఉంది. ఇది బీమా, వైద్యం, ముసలితనం లాంటి వాటి కోసం. ఐడీ తీసేయకుండా ఆపే చట్టం కాదు, ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

దీని లాభం రావాలంటే పేరు నమోదై ఉండాలి. ఈ-శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టులో మొదలైంది, 2025 బడ్జెట్లో గిగ్ వర్కర్లని కూడా అందులో నమోదు చేసి గుర్తింపు కార్డు ఇస్తామని, ఆయుష్మాన్ భారత్ వైద్యం వర్తింపజేస్తామని ప్రకటించారు. ఆధార్, ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఫోన్‌లోనే చేసుకోవచ్చు, రాకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌కి పోండి. పన్నెండు అంకెల నంబరు వస్తుంది. ఇప్పటికే కూలీగానో డ్రైవర్‌గానో ఈ-శ్రమ్ కార్డు ఉన్నవాళ్ళు అందులో ప్లాట్‌ఫాం వర్కర్ అని మార్పించుకోండి. సహాయానికి 14434. రేషను, సర్టిఫికెట్ల పనులకైతే రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళ మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009 ఉండనే ఉంది, దానికోసం ఒక పూట పని మానుకోనక్కర్లేదు.

పక్కనే ఉన్న కర్ణాటకలో కథ వేరు. ఆదోని, ఆలూరు దాటితే బళ్ళారి, అక్కడ 2025లో గిగ్ వర్కర్ల చట్టం చేశారు: పని నుంచి తీసేయాలంటే కారణం రాసి, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అనంతపురం నుంచి, మన దగ్గర నుంచి బెంగళూరు పోయి బండి తిప్పేవాళ్ళు వందల మంది ఉన్నారు, వాళ్ళకి ఇది పనికొస్తుంది. కర్నూలులో తిప్పేవాళ్ళకి వర్తించదు. తుంగభద్ర నీళ్ళు పంచుకున్నట్టు చట్టాలు కూడా పంచుకుంటే బాగుండు.

పన్ను మాట కూడా ఒకటి. చాలా కంపెనీలు మన చెల్లింపుల్లో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసుకుంటాయి, సాధారణంగా 1 శాతం. మనకొచ్చే ఆదాయానికి పన్ను పడదు కాబట్టి రిటర్న్ వేస్తే అది తిరిగి వస్తుంది. ఆదాయపు పన్ను సైట్‌లో పాన్‌తో లాగిన్ అయితే ఎవరు ఎంత కోశారో కనపడుతుంది. నాకు తిరిగొచ్చింది 2,140 రూపాయలు. దానికన్నా పెద్ద లాభం, రిటర్న్ కాగితం ఉంటే ఆదాయానికి రుజువు ఉన్నట్టే, బ్యాంకులో లోను అడిగినప్పుడు పనికొస్తుంది.

ఒక్క యాప్ మీద ఆధారపడొద్దు

రెండో యాప్‌లో ఐడీ ఇప్పుడే తీసి పెట్టండి. బ్లాక్ అయ్యాక తీద్దాం అనుకుంటే, డాక్యుమెంట్లు, వెరిఫికేషను, బ్యాగు, జోన్‌లో ఖాళీ, అన్నీ అయ్యేసరికి పది రోజులు. వారానికి రెండు గంటలైనా అందులో తిప్పండి, లేకపోతే వాడటం లేదని అదీ మూసేస్తారు. ఒకేసారి రెండు యాపుల్లో ఆర్డర్లు పట్టుకుని ఒకరి బిర్యానీ చల్లార్చి ఇంకొకరి ఇంటికి పోవడం మాత్రం వద్దు, నేను చేశాను, రెండు చోట్లా రేటింగ్ పడింది.

కానీ నా ఉద్దేశంలో రెండో యాప్ కూడా పూర్తి మందు కాదు, ఆ తాళం కూడా ఎవరి చేతిలోనో ఉంటుంది. మధ్యాహ్నం ఖాళీ మూడు గంటల గురించి పైన చెప్పాను కదా. గాయత్రీ ఎస్టేట్ చుట్టుపక్కల ఆసుపత్రులు, ల్యాబులు, మందుల దుకాణాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ దుకాణాల్లో పాత రోగులకి ఇంటికి మందులు పంపాలంటే పిల్లోడు ఉండడు, ఉన్నా కౌంటర్ వదలలేడు. ఒక దుకాణం ఓనర్‌తో మాట్లాడి, రోజూ మూడు నుంచి ఆరు వరకు, ఒక్కో చోటుకి 40 రూపాయలు, కల్లూరు వైపు అయితే 60 అని మాట అనుకున్నాను. మొదటి వారం రోజుకి రెండు వచ్చాయి. ఇప్పుడు ఆరు నుంచి ఎనిమిది. ఈయన నన్ను తీసేయాలనుకుంటే ముఖం చూసి చెప్పాలి, యాప్‌తో ఉన్న తేడా నాకు అదే. కర్రీ పాయింట్లు, టైలర్లు, జిరాక్సు షాపులు, బట్టల ఇస్త్రీ, ఇట్లా చూస్తే చాలా ఉన్నాయి. ఒక్క జాగ్రత్త, యాప్‌లో వచ్చిన కస్టమర్ల ఫోన్ నంబర్లు దాచుకుని వాళ్ళకి ఫోన్ చేయొద్దు, అది ఐడీ పోవడానికి దగ్గరి దారి, పైగా పద్ధతి కాదు.

ఇంటికొచ్చి బ్యూటీ పని చేసే అక్కలకి, ఇంట్లో కూర్చుని ట్యూషన్లు, డేటా పనులు చేసేవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. నలుగురు సొంత కస్టమర్లు ఉంటే యాప్ మూసేసిన రోజు గుండె అంతగా జారదు.

బ్లాక్ అయిన రోజు

మొదటి గంటలో కోపంతో సపోర్ట్ చాట్‌లో బూతులు రాయొద్దు. అది రికార్డు అవుతుంది, అదే రేపు కారణం అవుతుంది. బ్లాక్ మెసేజ్‌కి స్క్రీన్‌షాట్ తీయండి. యాప్‌ని డిలీట్ చేసి మళ్ళీ వేయొద్దు, ఉన్న హిస్టరీ కూడా పోవచ్చు. చేతిలో ఉన్న క్యాష్ మొత్తం కట్టేయండి, దారి లేకపోతే ఎంత ఉందో, ఎట్లా కట్టాలో అడుగుతూ రాసి పంపండి. కట్టకుండా పట్టుకుంటే పోలీసు కేసు దాకా పోవచ్చు.

ఆ రోజు సాయంత్రమే యాప్‌లో టికెట్ (ఫిర్యాదు) రైజ్ చేసి, దాంతోపాటు మెయిల్ కూడా పెట్టండి. ప్రతి యాప్‌లో, లేదా వాళ్ళ వెబ్‌సైట్ అడుగున, గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) అని చిన్న అక్షరాల్లో ఒక మెయిల్ ఉంటుంది, దానికి పంపండి. మెయిల్‌లో కష్టాలు రాయొద్దు. నేను మొదటి మెయిల్‌లో పిల్లోడి ఫీజు గురించి ఒక పేజీ రాశాను, జవాబు రాలేదు. రెండోది ఇట్లా రాశాను:

"నా రైడర్ ఐడీ ఫలానా. ఫలానా తేదీ, ఫలానా టైముకి నా ఖాతా నిలిపేశారు. కారణం నాకు తెలపలేదు. దయచేసి ఇవి రాతపూర్వకంగా తెలపండి: 1. ఏ ఆర్డర్, ఏ ఫిర్యాదు వల్ల నిలిపారు. 2. అగ్రిమెంటులో ఏ నిబంధన ప్రకారం. 3. నా వైపు వివరణ ఇవ్వడానికి గడువు ఎంత. 4. నాకు రావలసిన ఇన్ని రూపాయలు ఏ తేదీకి చెల్లిస్తారు. నా ఫోన్ కాల్ వివరాలు, సంపాదన వివరాలు జతచేశాను."

దీన్ని డిగ్రీ చదివే పిల్లలతో ఇంగ్లీషులో పెట్టించండి, కిందే తెలుగులో కూడా ఉంచండి. మూడు రోజులకోసారి అదే మెయిల్ మీద "జవాబు కోసం చూస్తున్నాను" అని ఒక లైను, అంతే. నా విషయంలో పని చేసింది కాల్ వివరాలు: ఆ టైముకి కస్టమర్‌తో నలభై సెకన్లు మాట్లాడినట్టు ఉంది. కాల్ జాబితా మన సిమ్ కంపెనీ యాప్‌లోనే తీసుకోవచ్చు, ఇది చాలామందికి తెలీదు.

వారం దాటినా జవాబు లేకపోతే కాగితాలన్నీ పట్టుకుని జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి పోండి, ముందు 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, మిగతావాళ్ళకి ఆదాయ పరిమితి చూస్తారు. కోర్టు కేసు వేయకముందే రాజీకి పిలిచే దారి కూడా అక్కడ ఉంటుంది. ఐడీ తెప్పిస్తారని నేను హామీ ఇవ్వను. కానీ రావలసిన డబ్బు ఆపి ఉంటే, ఆ డబ్బు గురించి అడగడానికి ఇది గట్టి చోటు. కార్మిక శాఖ ఆఫీసులో కూడా ఒక అర్జీ ఇచ్చి, స్టాంపు వేసిన నకలు తెచ్చుకోండి.

ఒంటరిగా తిరగకండి. మీ జోన్‌లో ఇదే వారం ఇంకెవరి ఐడీలు పోయాయో కనుక్కోండి, ఐదుగురు కలిసి ఒకే అర్జీ ఇస్తే చదివే తీరు మారుతుంది. 2025 డిసెంబరు 31న దేశంలో చాలాచోట్ల రైడర్లు సమ్మెగా లాగౌట్ అయ్యారు, తర్వాత జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి కంపెనీలతో మాట్లాడాక పది నిమిషాల డెలివరీ అనే ప్రచారం వెనక్కి తగ్గింది. ఒక్కడు లాగౌట్ అయితే మాత్రం సిస్టమ్‌కి అది సెలవు.

ఈ టైములోనే వచ్చే మోసగాళ్ళు

"ఐడీ అన్‌బ్లాక్ చేయిస్తా, రెండు వేలు" అని టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తుంది. కంపెనీ మనిషినని కార్డు కూడా పెడతాడు. ఇవ్వొద్దు. వీడియోలు లైక్ చేస్తే డబ్బులు అని మొదట 150 వేసి, తర్వాత డిపాజిట్ అడిగేది కూడా అదే జాతి. పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930.

వేరేవాళ్ళ ఐడీ అద్దెకి తీసుకోవడం ఇంకో ఉచ్చు. వారానికి ఐదు వందలు అద్దె, సెల్ఫీ అడిగినప్పుడు అసలు మనిషి దగ్గరికి పరుగు. కింద పడితే బీమా మీ పేరు మీద లేదు, డబ్బు వాడి ఖాతాలో పడుతుంది, ఏదైనా గొడవ జరిగితే పోలీసులు వాడి ఇంటికి పోతారు, వాడు మీ పేరు చెబుతాడు. మీ ఐడీ అద్దెకి ఇవ్వడం కూడా అంతే, తిరగేసి చూసుకోండి.

తిరిగి వస్తే

వచ్చిన రోజే పద్నాలుగు గంటలు తిప్పొద్దు. ముందు సంపాదన హిస్టరీ మొత్తం దించుకోండి, ఆగిన డబ్బు పడిందో లేదో చూడండి, క్యాష్ బాకీ సున్నా ఉందో చూడండి, బ్లాక్‌కి ముందు ఉన్న రేటింగ్‌తో ఇప్పటిది పోల్చండి. నాకు 4.8 ఉండేది, 4.6తో తిరిగొచ్చింది. దాని మీద మళ్ళీ ఒక మెయిల్ పెట్టాను, ఇప్పటికీ జవాబు లేదు.

పంతొమ్మిదో రోజు సాయంత్రం బటన్ మళ్ళీ పచ్చగా అయింది. కారణం చెప్పలేదు, క్షమాపణ లేదు, పోయిన రోజుల డబ్బు లేదు. రెండో రోజు మూడో ఆర్డరే వెంకటరమణ కాలనీ, అదే అపార్ట్‌మెంటు, వేరే ఫ్లాటు. లిఫ్టు ఇంకా బాగుచేయలేదు. కస్టమర్ వాచ్‌మన్‌కి ఇమ్మంది, చాట్‌లో పెట్టమన్నాను, పెట్టింది. ఫోన్ తీసి ఫోటో అనగానే వాచ్‌మన్ తాత చొక్కా గుండీ పెట్టుకుని, పార్సిల్ గుండెకి ఆనించుకుని, పెళ్ళి ఫోటోకి నిలబడినట్టు నిలబడ్డాడు.